హైదరాబాద్‌లో రెండు రోజులకి గది: అద్దెతో పాటు ఇంకేం చూడాలి

శనివారం పొద్దున దిగి, సిటీ చూసుకుని, ఆదివారం రాత్రి బండెక్కేద్దామని హైదరాబాద్ వచ్చేవాళ్లలో చాలామంది యాప్ తెరిచి ధర తక్కువున్నవి పైకొచ్చేలా పెట్టుకుంటారు. ఆరేడొందలకి కనిపించిన మొదటి గదికి డబ్బు కట్టేస్తారు. తీరా దిగాక ఆ గది శంషాబాద్ దగ్గరో, మేడ్చల్ రోడ్డులోనో, గచ్చిబౌలి వెనకాల కొత్త కాలనీలోనో ఉంటుంది. అక్కణ్ణుంచి చార్మినార్ పోవాలంటే ఆటోవాడు మూడొందలకి తక్కువ అడగడు.

ఇద్దరు మనుషులు, ఒక రాత్రి అనుకుని లెక్క వేద్దాం. దూరంగా ఉన్న గది 700. రోజుకి రెండు ఆటోల చొప్పున రెండు రోజులకి నాలుగు, ఒక్కోటి 300 వేసుకుంటే 1,200. మొత్తం 1,900. అదే నాంపల్లిలో 1,100 పెట్టి గది తీసుకుంటే, నాలుగుసార్లు మెట్రో ఎక్కినా మనిషికి సగటున 40 చొప్పున 320. మొత్తం 1,420. పైగా ట్రాఫిక్‌లో పోయే మూడు నాలుగు గంటలు మిగులుతాయి. మెట్రోలో ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లినా మనిషికి 75 రూపాయలు దాటదు. కాబట్టి ముందు మెట్రో మ్యాప్ తీయండి, స్టేషన్ ఎంచుకోండి, ఆ స్టేషన్‌కి పది నిమిషాల నడకలో గది వెతకండి. పొద్దున ఆరింటికి మొదలై రాత్రి పదకొండు దాకా రైళ్లుంటాయి గనక రెండు రోజుల ట్రిప్‌కి అది చాలు.

ఏ పేటలో ఏం దొరుకుతుంది

మొదటిసారి వచ్చేవాళ్లకి నా ఓటు నాంపల్లి–ఆబిడ్స్‌కే. స్టేషన్ రోడ్డులో పాత లాడ్జీలు వరసగా ఉంటాయి. నాన్ ఏసీ డబుల్ మామూలు రోజుల్లో 800 నుంచి 1,300 మధ్య దొరుకుతుంది. మెట్రో రెడ్ లైన్ స్టేషన్ పక్కనే. దక్షిణంగా మూడు స్టేషన్లు పోతే ఎంజీబీఎస్ బస్టాండ్, ఉత్తరంగా పోతే అమీర్‌పేట. అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే బిర్లా మందిర్‌కి నడిచిపోవచ్చు. ఒక మెలిక ఉంది. నాంపల్లి పక్కనున్న రెడ్‌హిల్స్‌లో నీలోఫర్, ఎంఎన్‌జే ఆసుపత్రులున్నాయి. అక్కడి చవక గదులు రోగుల బంధువులతో నిండుతుంటాయి. వాళ్లు వారం, పది రోజులు ఉంటారు కాబట్టి లాడ్జీవాళ్లు ఒక్క రాత్రి అడిగేవాళ్లని పెద్దగా పట్టించుకోరు.

ఇంకా తక్కువలో కావాలంటే అఫ్జల్‌గంజ్, గౌలిగూడ. ఎంజీబీఎస్ బస్టాండ్ చుట్టుపక్కల 500 నుంచి 900లో గదులుంటాయి. సాలార్‌జంగ్ మ్యూజియానికి నడకే, చార్మినార్ కూడా రెండు కిలోమీటర్ల లోపే. రెడ్, గ్రీన్ లైన్లు రెండూ ఇక్కడే కలుస్తాయి. కానీ ఈ ధరకి దొరికేవి చాలావరకు పాత భవనాలు, లిఫ్ట్ ఉండదు, రాత్రంతా బస్సుల హారన్లు వినిపిస్తుంటాయి. కుటుంబంతో వస్తే గది చూడకుండా ఇక్కడ డబ్బు కట్టకండి. మ్యూజియానికి శుక్రవారం సెలవన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

సికింద్రాబాద్ స్టేషన్‌కి ఎదురుగా కనిపించే లాడ్జీలు సామాన్లతో అలసిపోయి దిగినవాళ్ల మీద బతుకుతాయి, అందుకే ధరకి తగ్గ గది ఉండదు. రోడ్డు దాటి రెండు వీధులు లోపలికి, రెజిమెంటల్ బజార్ వైపు పోతే అదే గది రెండొందలు తక్కువకి వస్తుంది. ఇక్కడ ఇంకో కొత్త ఇబ్బంది ఉంది. సికింద్రాబాద్ స్టేషన్‌ని తిరగ్గడుతుండటంతో చాలా రైళ్లని చర్లపల్లికి మార్చారు. చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది. అక్కడ మెట్రో లేదు. అలవాటు కొద్దీ సికింద్రాబాద్‌లో గది పెట్టుకుని, తెల్లారుజామున చర్లపల్లిలో దిగి ఆటోలతో బేరమాడేవాళ్లు బోలెడుమంది. టికెట్ మీద స్టేషన్ పేరు ఒకసారి చదివాకే గది సంగతి.

మాదాపూర్, హైటెక్ సిటీ పేరు వింటేనే ఖరీదనుకుంటాం. సోమవారం నుంచి గురువారం దాకా అది నిజమే. ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లు శుక్రవారం సాయంత్రానికి వెళ్లిపోతారు, దాంతో శని, ఆదివారాల్లో ఆ చిన్న హోటళ్లు ఖాళీ పడి రేట్లు దిగుతాయి. ఏసీ, లిఫ్ట్, శుభ్రమైన బాత్రూమ్ ఉన్న గది వారాంతంలో నాంపల్లి ఏసీ గదితో సమానంగా దొరికే అవకాశం ఉంది. బ్లూ లైన్ రాయదుర్గం దాకా పోతుంది. పాతబస్తీ చూడాలంటే మాత్రం అమీర్‌పేటలో మారాలి, దాదాపు గంట పడుతుంది. గోల్కొండకైతే ఏ లైన్ మీదా స్టేషన్ లేదు, అందరికీ బస్సో ఆటోనో తప్పదు.

రామోజీ ఫిల్మ్ సిటీ ఒక్కటే చూడాలనుకునేవాళ్లు ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు చూసుకోవాలి. మెట్రో ఎల్బీ నగర్‌తో ఆగిపోతుంది, అక్కణ్ణుంచి బస్సు.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది

అద్దె కంటే ఎక్కువగా డబ్బు పోయేది ఇక్కడే. హైదరాబాద్‌లో రెండు పద్ధతులున్నాయి. పాత లాడ్జీల్లో 24 గంటల లెక్క: రిజిస్టర్‌లో సంతకం పెట్టిన నిమిషం నుంచి మర్నాడు అదే సమయం దాకా. యాప్‌లో కనిపించే హోటళ్లలో మధ్యాహ్నం 12కి చెక్ ఇన్, మర్నాడు 11కి చెక్ అవుట్.

విశాఖ, విజయవాడ, తిరుపతి, కర్నూలు ఎక్కణ్ణుంచి రాత్రి బయల్దేరినా తెల్లారి ఐదు, ఆరింటికి దిగుతారు. మధ్యాహ్నం 12కి చెక్ ఇన్ ఉండే హోటల్‌లో ఆ వేళకి గది అడిగితే సగం రోజు అద్దె అదనం అంటారు, కొన్నిచోట్ల పూర్తి రోజు వసూలు చేస్తారు. సరే, 24 గంటల లాడ్జీలో ఆరింటికే దిగారనుకోండి. ఆదివారం పొద్దున ఆరింటికి మీ రోజు అయిపోతుంది. తొమ్మిదింటికి నిద్రలేచి టిఫిన్‌కి వెళ్లొస్తే రెండో రోజు అద్దె పడుతుంది.

కాబట్టి తెల్లారి దిగగానే సంతకం పెట్టకండి. స్టేషన్ వెయిటింగ్ హాల్లో ముఖం కడుక్కుని, లేదా కింద చెప్పబోయే డార్మిటరీలో స్నానం కానిచ్చి, బ్యాగులు క్లోక్ రూమ్‌లో పడేసి ఊరు మీదికి వెళ్లండి. మధ్యాహ్నం ఒంటిగంటకి ఎండ మండే వేళ లాడ్జీకొచ్చి సంతకం పెడితే ఆదివారం ఒంటిగంట దాకా గది మీదే. ఒక్క అద్దెతో రెండు మధ్యాహ్నాలు కలిసొస్తాయి. ఖాళీ చేశాక రాత్రి బండి దాకా సామాను రిసెప్షన్‌లో ఉంచనిస్తారా అని గది తీసుకునేటప్పుడే అడగాలి. చాలామంది ఉచితంగానే ఉంచుతారు. ఖాళీ చేసే వేళకి అడిగితే మాత్రం ముఖం చిట్లిస్తారు.

రైల్వే క్లోక్ రూమ్‌లో తాళం లేని బ్యాగు తీసుకోరు, టికెట్ కూడా చూపించాలి. జిప్పుకి పట్టే చిన్న తాళం ఇంటి దగ్గరే వేసుకు రండి. స్టేషన్ బయట కొంటే యాభై రూపాయల తాళం వంద చెబుతారు.

రిటైరింగ్ రూమ్, డార్మిటరీ

రైల్వే స్టేషన్లలోనే ఉండే ఈ గదుల సంగతి ఎందుకో మనవాళ్లలో సగం మందికి తెలియదు. ఐఆర్‌సీటీసీ రిటైరింగ్ రూమ్స్ పేజీలో పీఎన్‌ఆర్ నంబర్ వేస్తే ఆ టికెట్ బయల్దేరే స్టేషన్‌లోనూ, చేరే స్టేషన్‌లోనూ ఖాళీలు చూపిస్తుంది. టికెట్ కన్ఫర్మ్ అయినా, ఆర్ఏసీలో ఉన్నా పనిచేస్తుంది, వెయిటింగ్ లిస్టుకి ఇవ్వరు. 12 గంటలు, 24 గంటలు అని స్లాట్లుంటాయి, ఎంత తీసుకున్నా 48 గంటలు దాటనివ్వరు. డార్మిటరీ అయితే మంచం లెక్కన అద్దె, బయట లాడ్జీలో సగం కూడా ఉండదు.

దీన్ని రాత్రి పడుకోవడానికే వాడాలని లేదు. తెల్లారి దిగినవాళ్లు 12 గంటల స్లాట్‌లో ఒక మంచం తీసుకుంటే స్నానం, రెండు గంటల కునుకు, సామాను భద్రత మూడూ అయిపోతాయి. ఒంటరిగా వచ్చిన మగవాళ్లకి నాంపల్లి, కాచిగూడ లాంటి స్టేషన్లలో ఇంతకంటే చవక మార్గం లేదు. శని, ఆదివారాలకి ముందే అయిపోతాయి గనక టికెట్ తీసుకున్న రోజే ఇది కూడా చూసుకోవాలి. ఏ పీఎన్‌ఆర్ మీద బుక్ చేశారో ఆ టికెట్‌లో పేరున్న మనిషే గుర్తింపు కార్డుతో రావాలి. అన్నయ్య టికెట్ మీద బుక్ చేసి తమ్ముడు వెళ్తే ఇవ్వరు. టికెట్ రద్దు చేస్తే గది దానంతటదే రద్దయిపోతుందనుకోకండి, అది విడిగా చేసుకోవాలి.

అమీర్‌పేట హాస్టళ్లు డే బేసిస్‌లో

ఎస్‌ఆర్ నగర్, అమీర్‌పేట, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు గల్లీల్లో ప్రతి రెండో భవనం హాస్టలే. బోర్డు మీద నెల అద్దె, షేరింగ్ ఎంతమంది అన్నదే రాస్తారు. రోజు లెక్కన ఇస్తామని రాయరు, అడగాలి. "డే బేసిస్ ఉందా?" అంటే చాలు. పరీక్షలకి, ఇంటర్వ్యూలకి వచ్చేవాళ్లకి ఇవ్వడం వీళ్లకి అలవాటే. మూడు పూటల భోజనంతో కలిపి మనిషికి 350 నుంచి 600 మధ్య ఉంటుంది. ఒంటరిగా వచ్చిన అమ్మాయిలకి లాడ్జీ కంటే లేడీస్ హాస్టల్ చాలా నయం.

ఇబ్బందులు కూడా తెలియాలి. మగవాళ్లకీ ఆడవాళ్లకీ వేరువేరు, కాబట్టి దంపతులకి పనికిరాదు. రాత్రి పది, పదిన్నరకి గేటు వేసేస్తారు, సెకండ్ షో చూసొస్తామంటే కుదరదు. దుప్పటి, దిండు కవరు మీవే ఉండాలి. బీరువా ఇస్తారు కానీ తాళం ఇవ్వరు. బాత్రూమ్ దగ్గర పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా క్యూ ఉంటుంది, ఆరున్నరకే లేస్తే గొడవ లేదు. ఆదివారం మధ్యాహ్నం చికెనో, బగారా అన్నమో చేసి సాయంత్రం వంట మానేసే హాస్టళ్లున్నాయి, ముందే కనుక్కోండి. అడ్వాన్స్ పేరుతో వెయ్యి, రెండువేలు అడిగితే వెంటనే పక్క భవనానికి వెళ్లండి. అడ్వాన్స్ నెలవారీ వాళ్లకే, రోజువారీకి కాదు.

ఫోన్‌లో ధర, కౌంటర్‌లో ధర

యాప్‌లో ఒక ధర చూస్తాం, కట్టేటప్పుడు ఇంకోటి వస్తుంది. పన్ను, "సర్వీస్ ఫీ" చివరి పేజీలో కలుస్తాయి. పోల్చేటప్పుడు డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి ఆ అంకెనే చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు గదులకి జీఎస్టీ 5 శాతమే. అంతకుముందు అది 12. ఇప్పటికీ ఎవరైనా చవక గదికి 12 శాతం వేసి బిల్లు రాస్తే అడగొచ్చు. ఇంకో చిన్న విషయం: ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటని చిన్న లాడ్జీ జీఎస్టీలో నమోదు కానక్కర్లేదు, నేరుగా వెళ్తే పన్ను ఉండదు. అదే లాడ్జీని యాప్‌లో బుక్ చేస్తే ఆ పన్ను యాప్ కంపెనీ కట్టాలి, అది మన బిల్లులోనే పడుతుంది. నమోదు కాని లాడ్జీవాడు "జీఎస్టీ ఎక్స్‌ట్రా" అన్నాడంటే అది అతని జేబులోకే.

అందుకే యాప్‌లో చూసి పేరు రాసుకుని, లాడ్జీకి ఫోన్ చేసి అడగడం మంచిది. యాప్‌కి పోయే కమీషన్ మిగులుతుంది గనక తగ్గించడానికి వాళ్లకి వీలుంటుంది. "డబుల్ ఎంత?" అని ఆపేయకండి. ఇలా అడగండి: "అన్నా, శనివారం మధ్యాహ్నం నుంచి ఒక రోజు, ఇద్దరం, నాన్ ఏసీ, అటాచ్డ్ బాత్రూమ్, ట్యాక్స్‌తో కలిపి ఫైనల్ ఎంత?" నాంపల్లి, అఫ్జల్‌గంజ్‌లో కౌంటర్ దగ్గర ఉర్దూ మాట్లాడేవాళ్లే ఎక్కువ. "భాయ్, సబ్ మిలాకే కిత్నా?" అంటే ఇంకో వంద తగ్గే అవకాశం లేకపోలేదు. ఒక్కోసారి కూపన్ వల్ల యాప్ ధరే తక్కువ పడుతుంది, అప్పుడు యాప్‌లోనే చేసుకోండి. కాకపోతే చేసిన వెంటనే లాడ్జీకి ఫోన్ చేసి మీ బుకింగ్ అందిందో లేదో కనుక్కోవాలి. "హోటల్‌లో కట్టండి" అన్న బుకింగులని, రద్దీ రోజుల్లో, ఎక్కువిచ్చే మనిషి వస్తే లాడ్జీలు వదిలేస్తాయి. రాత్రి పది తర్వాత చేరేలా ఉంటే సంగతి ముందే చెప్పి, వాట్సాప్‌లో ఒక మాట రాయించుకోండి.

మ్యాప్‌లో ఉన్న ఫోన్ నంబర్‌ని గుడ్డిగా నమ్మకండి. లాడ్జీల పేరు మీద దొంగ నంబర్లు పెట్టి యూపీఐలో అడ్వాన్స్ లాగే మోసాలు జరుగుతున్నాయి. మొత్తం అద్దె ముందే పంపమంటే అనుమానించాలి. పంపేముందు తెర మీద కనిపించే ఖాతాదారు పేరు లాడ్జీకి సంబంధించిందో కాదో చూడాలి.

డబ్బు కట్టేముందు ఐదు నిమిషాలు

తాళంచెవి ఇచ్చి కుర్రాణ్ణి తోడు పంపమని అడగండి, కాదంటే ఆ లాడ్జీ వద్దు. లోపలికెళ్లగానే పరుపు మూలలో దుప్పటి ఎత్తి కుట్టు వెంబడి ఫోన్ టార్చ్ వేయండి. నల్లటి చుక్కలు, తుప్పు రంగు మరకలు కనిపిస్తే నల్లులున్నట్టే. గది మార్చమంటే పక్క గదిలోనూ అవే ఉంటాయి, వేరే లాడ్జీ చూసుకోవాల్సిందే. పొరపాటున ఆ గదిలో దిగితే బ్యాగు మంచం మీద, నేల మీద పెట్టకండి. అవి బ్యాగు ఎక్కి మీతో ఇంటికొస్తాయి.

కొళాయి తిప్పి, ఫ్లష్ నొక్కి చూడండి. వేడినీళ్లు గీజర్‌వా, లేక పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా వదిలే లైన్‌వా అని అడగండి. లోపలి గడియ సరిగ్గా పడుతుందా? కిటికీ ఉందా, ఉంటే తెరుచుకుంటుందా? చవక గదుల్లో కిటికీ లేనివి బాగా ఉంటాయి, ఫొటోలో కర్టెన్ వేసి దాస్తారు. ఏప్రిల్, మే నెలల్లో పై అంతస్తు నాన్ ఏసీ వద్దే వద్దు. పగలంతా కాలిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంది. ఆ నెలల్లో మొదటి అంతస్తు, రోడ్డుకి వెనకవైపు గది అడగండి. దోమల కోసం ఒక ఆలౌట్ సీసా బ్యాగులో పడేసుకోండి, ప్లగ్ పనిచేస్తుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

గుర్తింపు కార్డు దగ్గర చిక్కులు

ప్రతి పెద్దవారికీ ఒరిజినల్ కార్డు ఉండాలి, భర్త ఆధార్ ఒక్కటి చూపిస్తే ఊరుకోరు. ఆధార్ జిరాక్స్ ఇవ్వడం ఇష్టం లేకపోతే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, లేదా ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వొచ్చు. ఆధార్‌లో హైదరాబాద్ అడ్రస్ ఉంటే చాలా లాడ్జీలు గది ఇవ్వవు. హైదరాబాద్‌లో ఉంటున్నా కార్డులో అడ్రస్ మార్చుకోనివాళ్లకి ఆ ఇబ్బంది ఉండదు, మార్చుకున్నవాళ్లకే. పెళ్లి కాని జంటకి గది ఇవ్వకూడదని చట్టమేమీ లేదు. కానీ ఇవ్వడం, ఇవ్వకపోవడం లాడ్జీవాడి ఇష్టంగా నడుస్తోంది, కాబట్టి బుక్ చేసేముందే ఆ హోటల్ నిబంధనలు చదవండి.

అమెరికా నుంచి వచ్చిన పిల్లలు తోడుంటే ఇంకో సంగతి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగితే హోటల్‌వాళ్లు 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నా అంతే. చిన్న లాడ్జీలకి ఆ ఏర్పాటు ఉండదు, "రూమ్ లేదు" అనేస్తారు. ఫోన్‌లోనే ఈ విషయం చెప్పి అడగడం మేలు.

బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం ఉంది కదా అని ఆంధ్ర నుంచి వచ్చేవాళ్లు లెక్క వేసుకోకండి. తెలంగాణ మహాలక్ష్మి పథకం తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకే. రోజంతా తిరగాలంటే సిటీ బస్సుల్లో టీ-24 టికెట్ తీసుకుంటే 24 గంటలు పనికొస్తుంది.

ఏ తేదీలు వద్దు, ఏవి కావాలి

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతుంది, ఆ శని, ఆదివారాల్లో నాంపల్లి గదుల రేట్లు పెరుగుతాయి. జూన్‌లో మృగశిర కార్తెకి అదే మైదానంలో చేప ప్రసాదం పంచే రెండు రోజులు నాంపల్లి వైపు చూడకండి, దేశం నలుమూలల నుంచి ఆస్తమా రోగులు వస్తారు. వినాయక నిమజ్జనం రోజు ఎంజే మార్కెట్, ఆబిడ్స్, ట్యాంక్‌బండ్ రోడ్లు మూసేస్తారు. గదిలోంచి బయటపడలేరు, బయటికెళ్తే గదికి చేరలేరు. ఆ ఊరేగింపు చూడ్డానికే వస్తే సరే. గ్రూప్స్ లాంటి పెద్ద పరీక్షల ముందు రోజు హాస్టళ్లలో మంచం దొరకదు.

సంక్రాంతి మాత్రం తలకిందులు. భోగికి రెండు రోజుల ముందు నుంచే హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది. అమీర్‌పేట హాస్టళ్లు బోసిపోతాయి, లాడ్జీవాళ్లు బేరానికి దిగుతారు. ఆంధ్ర వైపు వెళ్లే బస్సుల్లో కాలు పెట్టే చోటు లేని ఆ రోజుల్లో, హైదరాబాద్ వచ్చే బస్సుల్లో సీట్లు మిగిలిపోతాయి. పరేడ్ గ్రౌండ్స్‌లో గాలిపటాల పండగ కూడా అప్పుడే. భోగి నాడు వచ్చి కనుమ మర్నాడు తిరిగి బయల్దేరితే రెండు వైపులా జనానికి ఎదురే వెళ్తారు. ఒక్కటే చూసుకోవాలి: హాస్టళ్ల వంటవాళ్లు కూడా ఊళ్లకి పోతారు, ఆ మూడు రోజులూ మెస్ ఉండదు.